గీటురాయియు పుటమును: మత్తుమందుల తక్షణ పరీక్షల చరిత్ర

మన పల్లెలలో నగ కొనవలసివచ్చినను, తాకట్టు పట్టవలసివచ్చినను, పెద్దలు ముందుగా చేయు పని యొకటి కలదు. కంసాలిని పిలిపించి నగను గీటురాయిపై గీయించి చూతురు. నిమిషములో పని తీరును. గీత పచ్చగా మెరసినచో బంగారమని తెలియును. కాని ఆ నగపై తగవు వచ్చి, ఒకరి మానము గాని ధనము గాని దానిపై ఆధారపడినపుడు, అనుభవము గల కంసాలి గీటురాయితో తృప్తిపడడు. పుటము పెట్టి చూడవలెనని చెప్పును. గిల్టు నగ గీటురాయిని మోసగింపవచ్చును గాని అగ్నిని మోసగింపజాలదు. గీటురాయి త్వరగా చెప్పును; పుటము నిశ్చయముగా చెప్పును. ఈ భేదమును మనస్సునందుంచుకొని నేటి ప్రసంగమును ఆలకింప గోరుచున్నాను.

గంజాయి, నల్లమందు, హెరాయిన్, కొకెయిన్ మొదలగు మత్తుపదార్థములను కొలది నిమిషములలో పట్టియిచ్చు పరీక్షా సాధనములు నేడు లోకమున వ్యాపించియున్నవి. వీనిని కిట్టులందురు. ఇవి ముఖ్యముగా రెండు విధములు. మొదటిది, చేజిక్కిన పొడి యేమిటో చెప్పునది. చిన్న సంచిలోని ద్రావకమున ఆ పొడిని రవ్వంత వేసినచో రంగు మారును. రెండవది, మనుష్యుని మూత్రమునో లాలాజలమునో పరీక్షించి, అతడు మత్తుమందు సేవించెనో లేదో చెప్పునది. దీనికి కాగితపు పట్టీ యొకటి చాలును. పోలీసువారు, వైద్యులు, కర్మాగారముల యజమానులు వీనిని వాడుచున్నారు. బిడ్డలపై అనుమానము కలిగిన తల్లిదండ్రులు సైతము కొనితెచ్చి యింట వాడుచున్నారు. వీనివలన మేలెంత, కీడెంత? ఈ ప్రశ్నకు సమాధానము కావలెనన్న, ఇట్టి పరీక్షలు పుట్టిన నాటినుండి మనుష్యులు వానిని ఎట్లు వాడిరో చూడవలయును.

ఈ కథ మత్తుమందుతో గాక విషముతో మొదలగుచున్నది. నూటతొంబది యేండ్ల క్రిందట ఐరోపాలో పాషాణము పెట్టి మనుష్యులను చంపుట విరివిగా జరుగుచుండెను. పాషాణమునకు రుచి లేదు, వాసన లేదు. చచ్చినవాడు వాంతిభేదులతో చచ్చినట్లే కనబడును. ఇంగ్లండులో జేమ్స్ మార్ష్ అను రసాయనజ్ఞుడు కాఫీలో పాషాణము కలిపి తాతను చంపెనన్న నేరముపై విచారింపబడిన ఒకని కేసులో సాక్ష్యము చెప్పవలసివచ్చెను. అతడు తన పరీక్షలో పాషాణమును కనుగొనెను గాని, న్యాయస్థానమునకు తెచ్చునప్పటికి ఆ రంగు చెడిపోయెను. జ్యూరీవారు నమ్మలేదు, ముద్దాయి విడుదల పొందెను. ఈ పరాభవము మార్ష్ మనస్సును కలచివేసెను. అతడు శ్రమించి 1836 లో క్రొత్త పరీక్షను ప్రకటించెను. అనుమానింపబడిన పదార్థమును యశదముతోను ఆమ్లముతోను కలిపి, వెలువడు వాయువును మండించి, ఆ మంటకు చల్లని పింగాణీని అడ్డుపెట్టినచో, దానిపై నల్లని లోహపు మెరుగు ఏర్పడును. రవ్వంత పాషాణమున్నను దొరకిపోవును. అపరాధిని పట్టుటకు ఇంతకంటె గొప్ప సాధనము లేదని లోకము సంతసించెను.

అయిదేండ్లు గడచునప్పటికి జర్మనీ దేశీయుడగు రైన్ష్ అంతకంటె సులువైన పరీక్షను కనుగొనెను. ఆమ్లము కలిపిన పదార్థములో రాగిరేకును వేసి కాచినచో, పాషాణమున్నయెడల రాగిపై బూడిదవన్నె పొర పట్టును. ఇంత తేలికయైన పరీక్ష ఎంతటి ముప్పు తేగలదో 1859 లో ఇంగ్లండులో తెలియవచ్చెను. స్మెతర్స్ట్ అను వైద్యునిపై ఒక స్త్రీకి విషము పెట్టెనని నేరారోపణ జరిగెను. ఆల్ఫ్రెడ్ స్వెయిన్ టెయిలర్ విషశాస్త్రమున ఆ దేశములోనెల్ల పేరుమోసిన పండితుడు. ఆయన స్మెతర్స్ట్ వద్ద దొరకిన యొక సీసాను రాగితో పరీక్షించి, అందు పాషాణమున్నదని న్యాయాధికారి యెదుట చెప్పెను. తరువాత వేరు పరీక్షలు చేసి చూడగా ఆయనకే నిజము బోధపడెను. పాషాణము సీసాలోనిది కాదు. పరీక్షకు వాడిన రాగిలోనిదే! సీసాలోని మందు రాగిని కరగించి, దానిలో సహజముగా నున్న పాషాణమును బయటికి తెచ్చెను. టెయిలర్ తన పొరపాటును బహిరంగముగా ఒప్పుకొనెను. అయినను అప్పటికే అనుమానము పాతుకొనిపోయెను, జ్యూరీవారు స్మెతర్స్ట్‌ను దోషియనిరి, మరణశిక్ష విధింపబడెను. దేశమంతట కలకలము పుట్టి, ప్రభుత్వమువారు మరల విచారించి క్షమాభిక్ష ప్రసాదించిన పిమ్మటనే అతని ప్రాణము దక్కెను.

ఈ వృత్తాంతమునందు రెండు పాఠములు కలవు. పరీక్ష చేయు సాధనమే దోషభూయిష్ఠము కావచ్చుననునది యొకటి. ఒకసారి నోట వెడలిన ‘విషమున్నది’ యను మాటను, పిమ్మట ఎంత గట్టిగా వెనుకకు తీసికొన్నను, వినినవారి మనస్సులనుండి తీసివేయుట కష్టమనునది రెండవది. మొదటి పాఠమును శాస్త్రజ్ఞులు నేర్చుకొనిరి. రెండవ దానిని లోకము నేటికిని పూర్తిగా నేర్చుకొనలేదు.

ఇక మత్తుమందుల వైపునకు వత్తము. 1896 లో నేటి ఎస్తోనియా దేశములోని టార్టు నగరమున ఎడ్వర్డ్ మార్క్విస్ అను శాస్త్రజ్ఞుడు గంధకామ్లమును ఫార్మాల్డిహైడుతో కలిపి యొక ద్రావకమును సిద్ధపరచెను. నల్లమందునుండి తీసిన మార్ఫియా దానిలో పడినచో ఊదారంగు పుట్టును. కొకెయినునకు కోబాల్టు కలిసిన వేరొక ద్రావకము కలదు. అందులో నీలిరంగు పుట్టును. కాలక్రమమున ఈ ద్రావకములను చిన్న సంచులలో నింపి, వీథులలో తిరుగు పోలీసువారి చేతికిచ్చిరి. ప్రయోగశాల వీథిలోనికి వచ్చెను. కాని ప్రయోగశాలలోని పండితుడు రాలేదు. నీలిరంగు పుట్టించు పదార్థము లోకములో కొకెయినొక్కటియే కాదు. మరికొన్ని ఔషధములును, ఇండ్లు శుభ్రపరచు కొన్ని ద్రవ్యములును అట్టి రంగునే చూపగలవు.

మనుష్యుని శరీరమును పరీక్షించు రెండవ విధము వియత్నాము యుద్ధకాలమున ప్రాముఖ్యమునకు వచ్చెను. అక్కడి అమెరికా సైనికులలో అనేకులు హెరాయినునకు అలవాటుపడిరని తెలిసి, 1971 జూన్‌లో ఆ ప్రభుత్వమువారు యొక కట్టుబాటు చేసిరి. స్వదేశమునకు పోవు ప్రతి సైనికుడును మూత్రపరీక్షకు లోబడవలెను. హెరాయిన్ కనబడినవానిని అక్కడనే నిలిపి, కొలది దినములు చికిత్స చేసి, శరీరము శుద్ధియైన తరువాత పంపుదురు. పరీక్ష యున్నదని ముందుగా తెలియుటచే అనేకులు తమంతట తామే మానుకొనిరి. 1971 సెప్టెంబరులో స్వదేశమునకు మరలిన సైనికులను లీ రాబిన్స్ అను పరిశోధకురాలు తరువాత వెదకి విచారింపగా, అక్కడ బానిసలైనవారిలో అత్యధికులు ఇల్లు చేరిన పిమ్మట మరల దాని దాస్యమున పడలేదని తేలెను. దీనికి కారణములు పెక్కులు. ఊరు మారుట, సహవాసము మారుట, మందు సులువుగా దొరకకుండుట వానిలోనివి. అయినను ఒక విషయము గమనింపదగినది. ఆ పరీక్ష వెనుక సిద్ధముగా నుండినది చెరసాల కాదు. చికిత్సయు, ఇంటికి పోవు విమానమును.

ఇప్పటి కాగితపు పట్టీల మూలము అమెరికాలో రోజలిన్ యాలో, సోలమన్ బెర్సన్ అను నిరువురు 1959 ప్రాంతమున చేసిన పరిశోధనలో కలదు. రక్తములోని అత్యల్ప పదార్థములను కొలుచుటకు వారు శరీరపు రక్షకాణువుల సాయము తీసికొనిరి. బెర్సన్ 1972 లో గతించెను. యాలోకు 1977 లో నోబెల్ బహుమానము లభించెను. ఆ సూత్రమే క్రమముగా సులభమై 1980ల నాటికి కాగితపు పట్టీపైకి దిగెను. స్త్రీలు గర్భము తెలిసికొనుటకు వాడు పట్టీ ముందు ప్రచారమునకు వచ్చెను. మత్తుమందుల పట్టీలు దాని వెంట వచ్చెను.

పట్టీ పని చేయు విధము వినుటకు వింతగా నుండును. అందుండు రక్షకాణువులను పెక్కు పట్టీలలో మిక్కిలి సూక్ష్మములైన బంగారు రేణువులకు అంటించియుంతురు. అంత సూక్ష్మమైన బంగారము ఎఱ్ఱగా కనబడును. పట్టీపై ఒక గీత స్థానమున మత్తుమందును ముందే అతికించియుంతురు. మూత్రములో మందు లేనియెడల రక్షకాణువులు ఆ గీతను పట్టుకొనును. ఎఱ్ఱని గీత పడును. మూత్రములోనే మందున్నయెడల అవి ముందే దానితో నిండిపోయి గీతను పట్టుకొనవు, గీత పడదు. కంసాలి రాతిపై గీత బంగారమునకు సాక్ష్యము. ఈ పట్టీపై గీత పడకుండుటయే దోషమునకు సాక్ష్యము. పట్టీ పని చేయుచున్నదో లేదో తెలుపుటకు వేరొక గీత కలదు. అది పడనిచో ఆ పట్టీయే చెడిపోయినదని పారవేయవలెను. ఈ సంగతి తెలియనివారు నిర్దోషిని దోషియనియు, దోషిని నిర్దోషియనియు భ్రమపడు ప్రమాదమున్నది.

మరియు ఆ రక్షకాణువులు పదార్థము పేరు నెఱుగవు. ఆకారమును మాత్రమే గుర్తించును. చీకటిలో నడకను బట్టి మనుష్యుని పోల్చుకొన్నట్లు, పోలిక గల వేరొకదానిని పట్టుకొనుటయు కలదు. కొన్ని జలుబు మందులు వేరొక మత్తుమందుగా కనబడవచ్చును. మన వంటయింటిలోని గసగసాలు నల్లమందు మొక్క గింజలే గదా! అవి తినినవాని మూత్రములో మార్ఫియా జాడ కనబడుట కద్దు. ఈ కారణముచేతనే అమెరికా ప్రభుత్వమువారు 1998 లో తమ ఉద్యోగుల పరీక్షలలో నల్లమందు జాతికి పెట్టిన హద్దును మిల్లీలీటరునకు 300 నానోగ్రాములనుండి 2000 నానోగ్రాములకు పెంచిరి. అంతకుముందు అనుమానింపబడినవారిలో మసాలా తినుటయే నేరమైనవారు ఎందరుండిరో!

అమెరికాలో 1986 లో అధ్యక్షుడు రీగన్ ప్రభుత్వోద్యోగులకు మత్తుమందుల పరీక్షను ఆజ్ఞాపించెను. 1988 లో దానికి నియమములు ఏర్పరచిరి. ఆ నియమములు ఈ చరిత్రయంతటికిని సారభూతములని నా అభిప్రాయము. మొదట త్వరగా తేలు పరీక్ష. అందు దోషము కనబడినచో, అదే నమూనాను వేరు పద్ధతిపై, పదార్థముల భారమును బట్టి వేరుచేయు గొప్ప యంత్రముతో మరల పరీక్షింపవలెను. అదియును దోషమనినచో, ఒక వైద్యుడు ఆ మనుష్యుని పిలిచి ‘నీవు ఏ మందులు వాడుచున్నావు? ఏ రోగమునకు?’ అని అడిగి వినవలెను. అటుపిమ్మటనే ఫలితము యజమానికి చేరవలెను. గీటురాయి, పుటము, పెద్దమనిషి విచారణ: మూడును వరుసగా నున్నవి.

ఈ వరుస తప్పినచోట ఏమి జరిగెనో చూడుడు. టెక్సాసు రాష్ట్రములోని హ్యూస్టన్ నగరమున పోలీసువారు వీథిలో రంగు మారు కిట్టులను వాడి అనేకులను పట్టుకొనిరి. జామీను కట్టుటకు ధనము లేనివారు, చెరలో మ్రగ్గుటకంటె నేరమును ఒప్పుకొని కొలది దినముల శిక్షతో బయటపడుట మేలని తలచి ఒప్పుకొనిరి. ప్రయోగశాల పుటము పెట్టకముందే కేసు తీరిపోయెను. ఏండ్లు గడచిన పిమ్మట ప్రయోగశాలవారు నిలిచిపోయిన నమూనాలను పరీక్షింపగా, శిక్ష పొందిన ఇన్నూటికి పైగా మనుష్యుల వద్ద దొరకినది మత్తుమందే కాదని తేలెను. 2016 లో పత్రికలు ఈ సంగతిని లోకమునకు వెల్లడించెను. ఆ లోపల కొందరి ఉద్యోగములు పోయెను, ఇండ్లు పోయెను, పరువు పోయెను. తుదకు ప్రయోగశాల నివేదిక రానిదే నేరాంగీకారమును స్వీకరింపరాదని అక్కడి ప్రభుత్వ న్యాయవాదులు నిశ్చయించిరి. 2017 లో హ్యూస్టన్ పోలీసువారు ఆ కిట్టుల వాడుకనే మానివేసిరి. స్మెతర్స్ట్ సీసాకును ఈ సంచులకును మధ్య నూటయేబది యేండ్లకు పైగా గడచినవి. పొరపాటు మాత్రము అదియే.

ఇచట చిన్న లెక్క యొకటి చూతము. ఒక ప్రాంతమున వేయిమంది యువకులున్నారనియు, వారిలో నిజముగా మత్తుమందు వాడువారు పదిమందియనియు అనుకొందము. కిట్టు నూటికి తొంబదియైదుసార్లు నిజము చెప్పుననుకొందము. అందరిని పరీక్షించినచో, వాడు పదిమందిలో తొమ్మిదిమందియో పదిమందియో పట్టుబడుదురు. వాడని 990 మందిలో నూటికి అయిదుగురు చొప్పున సుమారు ఏబదిమంది పొరపాటున పట్టుబడుదురు. అనగా పట్టుబడిన అరువదిమందిలో ఏబదిమంది నిర్దోషులు! తొంబదియైదు పాళ్లు నిజమైన పరీక్ష కూడ, అనుమానము లేని చోట అందరిపై ప్రయోగించినచో, ఆరుగురిలో అయిదుగురికి అపకీర్తి తెచ్చును. ముందే గట్టి అనుమానమునకు కారణమున్న వానిపై ప్రయోగించినచో అదే పరీక్ష ఎంతో నమ్మదగినదగును. కావున దోషము పట్టీలో మాత్రమే లేదు. దానిని ఎవరిపై, ఎప్పుడు ప్రయోగింతుమనుటలోను కలదు.

ఇంతమాత్రముచే కిట్టులు చెడ్డవని త్రోసివేయుట న్యాయము కాదు. వాని మేళ్లు కూడ తూకము వేయవలెను. స్పృహ తప్పిన రోగిని తెచ్చినపుడు వైద్యునకు అది త్రోవ చూపగలదు. పట్టుబడినది వట్టి పిండియో చక్కెరయో యని వెంటనే తేలినచో నిర్దోషి ఆ రాత్రి ఇంటనే నిద్రించును. ప్రయోగశాలలు దూరమైన చోట, ఏ నమూనాలను ముందు పంపవలెనో నిర్ణయించుటకు అది ఉపకరించును. అమెరికాలో ఫెంటనిల్ అను భయంకరమైన మందు ఇతర మత్తుమందులలో కలిసి వేలమందిని చంపుచుండగా, 2021 లో అక్కడి ప్రభుత్వము దానిని పట్టు కాగితపు పట్టీలను కొనుటకు తన నిధులను వాడవచ్చునని అనుమతించెను. అలవాటు మానలేనివాడు సైతము తన చేతిలోనిది మృత్యువో కాదో తెలిసికొని బ్రతికినచో, మరునాడు మానుటకు అవకాశముండును గదా యని వారి తలంపు.

అయితే, ‘ఏమియు లేదు’ అని చెప్పిన పరీక్షను కూడ గ్రుడ్డిగా నమ్మరాదు. పట్టీ తాను వెదకుటకు నియమింపబడిన మందునే వెదకును. నల్లమందు జాతికి పెట్టిన సామాన్యమైన పట్టీ ఫెంటనిలును పట్టదు. హెరాయిన్ జాడ మూత్రమున రెండు మూడు దినములకంటె నిలువదు. గంజాయి విరివిగా త్రాగినవాని మూత్రమున వారములకొలది నిలుచును. అందుచే పట్టీ గతమును చెప్పవచ్చును గాని, ఈ క్షణమున అతడు మత్తులో నున్నాడో లేడో చెప్పజాలదు.

పరీక్షించి పట్టుకొన్న పిమ్మట ఏమి చేయుదుమనునది అన్నిటికంటె పెద్ద ప్రశ్న. దీనికి మన తెలంగాణమునందే ఒక నిదర్శనము కలదు. కల్లులో డైజిపాం, ఆల్ప్రజోలం, క్లోరల్ హైడ్రేటు వంటి మత్తుమందులు కలుపు దురాచారము అక్కడ చిరకాలముగా నుండెను. 2015 లో అధికారులు ఆ కల్తీపై గట్టిగా విరుచుకొనిపడిరి. ఉద్దేశము మంచిదే. కాని నిజామాబాదు, మహబూబునగరు ప్రాంతములలో ఏండ్ల తరబడి ఆ కల్లునకు అలవాటుపడిన బీదలు, అది హఠాత్తుగా ఆగిపోగా, వణకుతోను, మూర్ఛలతోను, మతిభ్రమణముతోను ఆసుపత్రుల పాలైరి, కొందరు మరణించిరి. తమ గిన్నెలో మందున్నదని వారెఱుగరు. తమ దేహము దానికి బానిసయైనదనియు ఎఱుగరు. కల్తీని పట్టుకొనుట సగము పని. పట్టుబడిన దేహమును కాపాడుట మిగిలిన సగము.

గ్రామ పెద్దలారా! రేపు మీ ఊరిలో ఒక పిల్లవానిపై అనుమానము కలుగవచ్చును. ఎవరో ఒక కిట్టు తెచ్చి, పదిమంది యెదుట పరీక్షింతమనవచ్చును. అపుడు మీరు గీటురాయిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బలవంతముగా గాని, రచ్చబండపై గాని పరీక్ష జరుగనీయకుడు. ఆ పిల్లవాడు ఏ మందులు వాడుచున్నాడో, ఏమి తినినాడో ముందు అడుగుడు. పట్టీ దోషమని చూపినచో, ఆసుపత్రిలో మరల నిశ్చయపరీక్ష జరుగువరకు ఆ మాటను గడప దాటనీయకుడు. నిశ్చయమైనను చికిత్సకు త్రోవ చూపుడు. మన దేశమున 1985 లో చేయబడిన మత్తుమందుల చట్టమునందే, వ్యసనమునకు లోబడినవాడు స్వచ్ఛందముగా ప్రభుత్వము గుర్తించిన చోట చికిత్సకు లోబడి దానిని పూర్తిచేసినచో, సేవించిన నేరమునకు గాని స్వల్ప పరిమాణమునకు సంబంధించిన నేరమునకు గాని అభియోగమునుండి రక్షణ కలదు. ఈ సంగతి ఎఱిగిన పెద్ద యొకడు ఊరిలో నుండుట, నూరు కిట్టులుండుటకంటె మేలు.

బంగారము పుటమునకు నిలిచి మరల నగయగును. మనుష్యుని పరువు అట్టిది కాదు. తొందరపాటున ఒకసారి కాలినచో మరల కరగించి పోయుటకు మూస లేదు. కావున త్వరగా చెప్పు పరీక్షను త్వరగానే వాడుడు. తీర్పు మాత్రము నిదానించి చెప్పుడు.